బాడుగ ఇంటికి బ్రోకర్ కమీషన్: ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వనక్కర్లేదు

కర్నూలులో గానీ కడపలో గానీ బాడుగ ఇల్లు కావాలంటే మొదట చేసే పని తెలిసినవాళ్లకు చెప్పడం. రెండోది వీధుల్లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరగడం. ఈ రెండూ కలిసిరాకపోతే బ్రోకర్ దగ్గరికి పోతారు. ఆయన ఇల్లు చూపిస్తాడు, ఇంటి ఓనరుతో మాట్లాడిస్తాడు, కమీషన్ తీసుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, పని కాకపోతే తిరిగి వస్తుందా అన్నది ముందే మాట్లాడుకోకపోవడం వల్ల చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటున్నాయి. బాడుగ ఇంట్లో ఉండే, లేదా కొత్తగా ఇల్లు వెతుకుతున్న కుటుంబాలకు పనికొచ్చే విషయాలు ఇక్కడ ఒకచోట ఉన్నాయి.

బ్రోకర్ అంటే ఎవరు?

మన ఊళ్లలో బాడుగ ఇళ్ల బ్రోకర్లు చాలామందికి ఆఫీసు ఉండదు, బోర్డు ఉండదు. జిరాక్స్ షాపు నడిపేవారు, కిరాణా అంగడివారు, ఆటో నడిపేవారు, రిటైరైన ఉద్యోగులు కూడా ఈ పని చేస్తుంటారు. పేటలో ఏ ఇల్లు ఖాళీ అవుతుందో వాళ్లకు ముందే తెలుస్తుంది. కర్నూలు పాతబస్తీ, బుధవారపేట, సి క్యాంపు, కల్లూరు వైపు ఒక్కో పేటకు ఒక్కో బ్రోకర్. కడపలో అల్మాస్‌పేట, చిన్నచౌకు, ఎర్రముక్కపల్లి వైపు కూడా అంతే. ఓనరు కువైట్‌లోనో సౌదీలోనో ఉండి, ఇక్కడి ఇల్లు బ్రోకర్ చేతుల్లో పెట్టడం కడప వైపు మామూలే. అప్పుడు తాళాలు, బాడుగ వసూలు, అడ్వాన్సు అన్నీ ఆయన ద్వారానే నడుస్తాయి.

కర్నూలుకు ఇళ్ల కరువు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు చాలక గుడారాలు వేయాల్సి వచ్చింది. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు ఆ రోజుల గుర్తులే. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు పాతబస్తీని ముంచినప్పుడు కూడా ఎన్నో కుటుంబాలు ఒక్కసారిగా బాడుగ ఇళ్ల కోసం తిరిగాయి. ఇళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడల్లా మధ్యవర్తి చెప్పిందే రేటు అవుతుంది. ప్రతి ఏడాది మే, జూన్ నెలల్లో, బడులు కాలేజీలు తెరిచే ముందు, చిన్నగా ఇదే పరిస్థితి వస్తుంది.

కమీషన్ ఎంత అని ఏ చట్టం చెబుతుంది?

చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే, ఒక నెల బాడుగ కమీషన్‌గా ఇవ్వడం రూలు అని. అది రూలు కాదు, ఆనవాయితీ. కొన్నిచోట్ల అర నెల బాడుగ, కొన్నిచోట్ల నెల బాడుగ అడుగుతారు. బేరం ఆడే హక్కు ఎప్పుడూ ఉంటుంది.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అనేది, ఏజెంట్లు రిజిస్టర్ కావాలని చెబుతుంది నిజమే. కానీ ఆ చట్టంలో ఏజెంటు అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులో ప్లాటు, ఫ్లాటు, బిల్డింగు అమ్మకానికి మధ్యవర్తిగా ఉండేవాడు. బాడుగకు ఇల్లు చూపించేవాడు దాని కిందకు రాడు. అందుకే బాడుగ ఇంటి బ్రోకర్‌కు రెరా నంబరు ఉండదు. ఎవరైనా "నాకు రెరా ఉంది, నా రేటు గవర్నమెంటు రేటు" అని అంటే నమ్మనక్కర్లేదు. హర్యానా 2008లో ప్రాపర్టీ డీలర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ప్రత్యేక చట్టమే తెచ్చింది. మన దగ్గర బాడుగ బ్రోకర్ల విషయం ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తోంది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా బ్రోకర్ కమీషన్‌కు పరిమితి పెట్టలేదు. అందులో ఉన్నది అడ్వాన్సు పరిమితి. నివాస గృహాలకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని, ఒప్పందం రాతలో ఉండాలని ఆ నమూనా చెబుతుంది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అయినా ఓనరు ఐదారు నెలల అడ్వాన్సు అడిగినప్పుడు "కేంద్రం రెండు నెలలే చాలంటోంది కదా" అని బేరానికి వాడుకోవచ్చు.

మరి బ్రోకర్‌కు, బాడుగకు వచ్చేవారికి మధ్య ఏ చట్టం ఉంది?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఉంది. అందులో మూడు సెక్షన్లు తెలుసుకుంటే చాలు.

219వ సెక్షన్: వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు కూలి బాకీ పడదు. అంటే ఇల్లు కుదిరి, ఓనరు ఒప్పుకున్నాకే కమీషన్. ఊరికే పది ఇళ్లు చూపించినంత మాత్రాన పూర్తి కమీషన్ అడగడానికి లేదు. అయితే "ఇల్లు చూపించడానికి ఇంత" అని ముందే ఒప్పుకుని ఉంటే, అది ఆ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిందే. అందుకే నోటి మాటైనా సరే, ఏం ఒప్పుకుంటున్నామో జాగ్రత్తగా చూసుకోవాలి.

220వ సెక్షన్: పనిలో మోసం, దుష్ప్రవర్తన చేసిన ఏజెంటుకు ఆ పనికి సంబంధించిన కూలి అడిగే హక్కు ఉండదు. ఇంటికి రోజూ నీళ్లు వస్తాయని తెలిసే అబద్ధం చెప్పి ఒప్పించడం, ఓనరు చెప్పిన బాడుగ కంటే ఎక్కువ చెప్పి తేడా జేబులో వేసుకోవడం లాంటివి జరిగితే ఈ సెక్షన్ చూపించవచ్చు.

70వ సెక్షన్: ఇది బ్రోకర్ వైపు నిలబడే సెక్షన్. ఒకరు ఉచితంగా కాకుండా చేసిన పని వల్ల మేలు పొందినవారు దానికి తగినంత ఇవ్వాలి. బ్రోకర్ చూపించిన ఇంటినే, ఆయనకు తెలియకుండా ఓనరుతో నేరుగా మాట్లాడి తీసుకుని, కమీషన్ ఎగ్గొట్టడం కుదరదు. ధర్మం కూడా కాదు.

ఇస్లామీ ఫిఖ్‌హ్‌లోనూ దలాలీ కూలి నిషిద్ధం కాదు. ఇమామ్ బుఖారీ హదీసు సంకలనంలో దలాలీ కూలి గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఉలమాలు సాధారణంగా చెప్పేది, కూలి ఎంతో ముందే తేలాలి, దాపరికం ఉండకూడదు అని. చట్టం చెప్పేదీ, దీన్ చెప్పేదీ ఇక్కడ దాదాపు ఒకటే.

బ్రోకర్లు అడిగే ఐదు రకాల డబ్బు

1. ఇల్లు చూపించే ఫీజు. కొందరు ముందే వంద, రెండు వందలు పెట్రోలు ఖర్చు అని అడుగుతారు. ఇవ్వడం ఇవ్వకపోవడం కుటుంబం ఇష్టం. ఇస్తే, ఇల్లు కుదిరాక దాన్ని కమీషన్‌లో తగ్గిస్తారా అని అడగాలి. "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఇళ్ల లిస్టు పంపిస్తా" అని వెయ్యి, రెండు వేలు అడిగేవారి దగ్గర మాత్రం ఆగాలి. లిస్టులో ఉన్న ఇళ్లు ఎప్పుడో బాడుగకు పోయినవి కావచ్చు.

2. కమీషన్. ఇల్లు కుదిరినందుకు ఇచ్చేది. దీన్ని తాళం చేతికి వచ్చిన రోజు ఇవ్వడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఒకేసారి ఇవ్వాలని పట్టుబడితే, ఒప్పంద పత్రం మీద ఓనరు సంతకం అయ్యాక ఇవ్వాలి. ఓనరు దగ్గర కూడా బ్రోకర్ కమీషన్ తీసుకుంటున్నాడా అని సూటిగా అడగవచ్చు. తీసుకుంటుంటే బాడుగకు వచ్చేవారి వాటా తగ్గించమనడం న్యాయమే.

3. బయానా, అంటే టోకెన్ అడ్వాన్సు. "వేరేవాళ్లు కూడా చూస్తున్నారు, ఇప్పుడే ఐదు వేలు ఇస్తే ఆపుతా" అనే మాట అందరికీ తెలిసిందే. గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. బయానా ఓనరుకు చేరాలి, బ్రోకర్ దగ్గర ఆగకూడదు. ఓనరు ఇల్లు ఇవ్వనంటే మొత్తం తిరిగి ఇస్తారా, కుటుంబమే వద్దనుకుంటే ఎంత పోతుంది, ఈ రెండూ రాతలో ఉండాలి.

4. అగ్రిమెంటు ఖర్చు. స్టాంపు పేపరు, టైపింగు, నోటరీ కలిపి ఒక మొత్తం చెబుతారు. దేనికి ఎంతో విడివిడిగా అడిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది. స్టాంపు పేపరు కుటుంబమే కొనుక్కుని రాయించుకోవచ్చు.

5. రెన్యువల్ కమీషన్. పదకొండు నెలలు కాగానే కొందరు బ్రోకర్లు మళ్లీ వస్తారు. మొదట అలా ఒప్పుకుని ఉంటే తప్ప ఇది ఇవ్వనక్కర్లేదు. ఓనరు, కుటుంబం నేరుగా మాట్లాడుకుని పొడిగించుకుంటే బ్రోకర్ చేసిన పని ఏమీ లేదు.

పదకొండు నెలలే ఎందుకు?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. ఇందులో తప్పు లేదు. కానీ ప్రతి పదకొండు నెలలకూ ఇల్లు మారాల్సి వస్తే, ప్రతిసారీ కమీషన్ పడుతుంది.

లెక్క వేసుకుంటే ఇది చిన్న మొత్తం కాదు. ఉదాహరణకు నెలకు 8,000 రూపాయల బాడుగ ఇల్లు అనుకుందాం. రెండు నెలల అడ్వాన్సు 16,000, మొదటి నెల బాడుగ 8,000, కమీషన్ నెల బాడుగ అయితే మరో 8,000. మొత్తం 32,000 రూపాయలు చేతిలో ఉంటేనే ఇంట్లో అడుగుపెట్టగలరు. సామాన్ల బండి ఖర్చు వేరే. అడ్వాన్సు ఒకరోజు తిరిగి వస్తుంది, కమీషన్ రాదు. ఆ 8,000ను పదకొండు నెలలకు పంచితే నెలకు దాదాపు 727 రూపాయలు. అంటే అసలు బాడుగ 8,727 అన్నమాట. అర నెల కమీషన్‌కు ఒప్పిస్తే ఆ భారం నెలకు 364కు తగ్గుతుంది. మూడేళ్లలో మూడిళ్లు మారిన కుటుంబం నెల బాడుగ చొప్పున 24,000 రూపాయలు కమీషన్లకే పెట్టి ఉంటుంది. బాడుగలో ఐదు వందలు తగ్గించమని బేరమాడే మనం కమీషన్ దగ్గర నోరు మెదపకపోవడం నష్టం.

"మీవాళ్లకు ఇవ్వరంట" అన్నప్పుడు

ముస్లిం కుటుంబాలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇల్లు చూసి, నచ్చి, పేరు చెప్పాక "ఓనరు ఒప్పుకోలేదు" అనే మాట వస్తుంది. కొందరు మాంసం వండుతారని అంటారు, కొందరు కారణమే చెప్పరు. రాజ్యాంగం 15వ అధికరణం మతం పేరుతో వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. అంగళ్లు, హోటళ్లు లాంటి బహిరంగ చోట్లలోకి రానివ్వకపోవడాన్నీ నిషేధిస్తుంది. కానీ తన సొంత ఇల్లు ఎవరికి బాడుగకు ఇవ్వాలన్నది ఓనరు ఇష్టమని వదిలేసినందున, ఇలాంటి ఓనరు మీద నేరుగా వెళ్లే దారి ఇప్పుడు దాదాపు లేదు. నమూనా అద్దె చట్టంలోనూ వివక్షను ఆపే నిబంధన లేదు.

అందుకని జాగ్రత్త బ్రోకర్ దగ్గరే మొదలుపెట్టాలి. ఇల్లు చూడకముందే పేరు, ఇంట్లో ఎంతమంది, ఏ పని చేస్తారు, మాంసం వండుతామా లేదా అన్నీ చెప్పి, "ఓనరు సరేనన్నాకే చూపించండి" అనాలి. అప్పుడు తిరుగుడు ఖర్చు, చూపించే ఫీజు, అవమానం మూడూ తగ్గుతాయి. అన్నీ తెలిసి బయానా తీసుకుని, తర్వాత "మీవాళ్లకు ఇవ్వరంట" అంటే ఆ డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాల్సిందే. అక్కడ పని పూర్తి కాలేదు, కాకపోవడానికి కుటుంబం కారణం కాదు.

ఒంటరిగా ఉండే వితంతువులు, భర్త గల్ఫ్‌లో ఉండి పిల్లలతో ఉండే స్త్రీలు బ్రోకర్‌తో ఒక్కరే ఇల్లు చూడటానికి పోకుండా ఇంటి పెద్దనో, తమ్ముడినో, పక్కింటి పెద్దమ్మనో వెంట తీసుకుపోవడం మేలు. ఇదే అదనుగా రెట్టింపు కమీషన్ అడిగేవారూ ఉంటారు. మాట్లాడేటప్పుడు ఇంకొకరు పక్కన ఉంటే సాక్ష్యం కూడా.

కమీషన్ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు: కర్నూలుకు తుంగభద్ర, కడపకు పెన్నా ఆధారం. ఎండాకాలం వస్తే ఏ పేటలో కొళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో పక్కింటివాళ్లను అడిగితేనే తెలుస్తుంది. బోరు ఉందా, ఏప్రిల్, మేలో ఎండుతుందా, ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరు ఇవ్వాలి అన్నది ఒప్పందంలో రాయించాలి. "నీళ్లకు కొదవ లేదు" అన్న బ్రోకర్ మాట మే నెలలో పనికిరాదు.

కరెంటు: విడి మీటరు ఉందా, సబ్ మీటరా, యూనిట్ ఎంతకు లెక్క వేస్తారు, పాత బకాయి ఉందా.

ఓనరు: ఇంటి పన్ను రసీదు, లేదా కరెంటు బిల్లు మీద ఉన్న పేరు, ఒప్పందం మీద సంతకం పెట్టేవారి పేరు ఒకటేనా. ఓనరు గల్ఫ్‌లో ఉంటే వీడియో కాల్‌లో మాట్లాడి, బ్రోకర్‌కో బంధువుకో డబ్బు తీసుకునే అధికారం ఇచ్చారా అని అడగాలి. ఆ మాట వాట్సాప్‌లో రాతగా తెప్పించుకుంటే ఇంకా మంచిది.

షరతులు: మాంసం వంట, బక్రీదు రోజుల్లో చుట్టాల రాక, బైకు పార్కింగు, మేడ మీద బట్టలు ఆరేయడం లాంటి చిన్న విషయాలే ఆ తర్వాత ఖాళీ చేయమనే దాకా వస్తాయి. ముందే మాట్లాడుకోవాలి.

ఆన్‌లైన్ మోసాలు

ఫోన్‌లో ఇల్లు చూసి డబ్బు పంపడం ఇప్పుడు ఎక్కువైంది. మిలిటరీలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని చెప్పి, గుర్తింపు కార్డు ఫొటో పంపి అడ్వాన్సు వేయించుకోవడం దేశమంతటా జరుగుతున్న పాత మోసం. "డబ్బు తీసుకోవడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అన్నది ఇంకో మోసం. డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఇంటి గడప తొక్కకుండా, ఓనరును చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకూడదు. పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

డబ్బు తిరిగి ఇవ్వకపోతే ఏం చేయాలి?

మొదట రాతలో అడగాలి. ఏ తేదీన ఎంత ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, పని ఎందుకు కాలేదు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఈ నాలుగూ ఉన్న వాట్సాప్ మెసేజ్ చాలు. యూపీఐ ద్వారా ఇచ్చి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి.

చిన్న ఊరు కాబట్టి చాలా గొడవలు పేట పెద్దలు, మసీదు కమిటీవారు పిలిచి మాట్లాడితేనే తీరిపోతాయి. తీరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వారి ఫోన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసే వీలు కూడా ఉంది.

డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. తాము ఉండే జిల్లాలోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

లేని ఇంటిని చూపించడం, ఒకే ఇంటికి నలుగురి దగ్గర బయానా తీసుకోవడం లాంటివి ఉత్త కమీషన్ గొడవలు కావు, మోసం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

పిల్లలు చదువుకు, కొలువుకు బయటి దేశాలకు పోతున్నారు కాబట్టి ఇది కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి ఏజెంట్లు బాడుగకు వచ్చేవారి దగ్గర ఇల్లు చూపించే ఫీజు, అగ్రిమెంటు ఫీజు తీసుకోవడం నిషేధం. ఇల్లు ఆపి ఉంచడానికి తీసుకునే టోకెన్ వారం బాడుగకు మించకూడదు. జర్మనీలో 2015 జూన్ నుంచి ఏజెంటును ఎవరు పెట్టుకున్నారో వారే ఫీజు ఇవ్వాలి. న్యూయార్క్ నగరంలో 2025 జూన్ 11 నుంచి ఇదే పద్ధతి వచ్చింది. ఓనరు పెట్టుకున్న బ్రోకర్‌కు ఓనరే ఇవ్వాలి. అక్కడికి పోయిన పిల్లలను ఇలాంటి ఫీజు అడిగితే ఇవ్వకముందు అక్కడి విద్యార్థి సంఘాన్నో, స్థానిక సంస్థనో అడగాలి.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఉన్నంతలో కాపాడేది ముందుగా మాట్లాడుకున్న మాట, దాన్ని నిలబెట్టే రాత. బ్రోకర్‌తో మాట్లాడిన వెంటనే పంపడానికి పనికొచ్చే మెసేజ్ ఇది:

"సలాం భాయ్. ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం, మీరు చూపించిన ఇల్లు కుదిరి, ఓనరు సంతకం పెట్టి తాళం ఇచ్చిన రోజు కమీషన్ ... రూపాయలు ఇస్తాం. ఇల్లు చూపించడానికి, రెన్యువల్‌కు వేరే డబ్బు లేదు. బయానా ఓనరుకే ఇస్తాం. ఓనరు ఇవ్వనంటే బయానా మొత్తం తిరిగి రావాలి. మీకు సరే అయితే ఓకే అని పెట్టండి."

అవతలివారు అన్న అయితే భాయ్ బదులు అన్నా అని రాసుకోవచ్చు. ఖాళీలో మొత్తం నింపాలి. ఓకే అని జవాబు వచ్చాకే ఇల్లు చూడటానికి బయలుదేరాలి. ఆ జవాబు ఇవ్వడానికి ఇష్టపడని బ్రోకర్‌ను వదిలేసి ఇంకొకరిని అడగడం మంచిది.